పదిహేను ఫ్యూజు తీసి ముప్పై వేశాడు మా మరిది, ఇప్పుడు కారులో కాలిన వాసన

ప్రశ్న

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పేరు వెయ్యొద్దంటూ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆమె వయసు 34. ఇంటికి 28 కిలోమీటర్ల దూరంలో ఒక బ్యాంకు శాఖలో ఉద్యోగం. భర్త మస్కట్‌లో ఉంటారు. రెండేళ్ల కిందట 2014 మోడల్ డీజిల్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారు. సాయంత్రం బ్యాంకు పని ముగించి, పిల్లలిద్దరినీ ట్యూషన్ దగ్గర ఎక్కించుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. దారిలో కొంత భాగం సాగర్ కాలువగట్టు పక్కనే. చలికాలంలో మంచు, ఎప్పుడూ గేదెలు.

ఆటో ఎలక్ట్రికల్ షాపులో రెండేళ్లుగా పని నేర్చుకుంటున్న ఆమె మరిది, "నీకు దారి బాగా కనబడాలి వదినా" అని హెడ్‌లైట్లలో 100/90 వాట్ల బల్బులు వేశాడు. బంపరు కింద రెండు 55 వాట్ల ఫాగ్ లైట్లు కూడా బిగించాడు. పైసా తీసుకోలేదు. ఫాగ్ లైట్ల కరెంటు ఎడమ హెడ్‌లైటు డిమ్ వైరు నుంచే, వైర్లు మెలేసి టేపు చుట్టి తీసుకున్నాడు. అప్పటి నుంచి మూడుసార్లు ఒకే రకంగా జరిగింది. అన్ని లైట్లూ వేసుకుని అరగంట నడిపాక ఎడమ హెడ్‌లైటూ, ఫాగ్ లైట్లు రెండూ కలిసి ఆరిపోయాయి. ప్రతిసారీ నీలం రంగు 15 ఆంపియర్ ఫ్యూజు కాలింది. నాలుగోసారి ఆ చోట ఆకుపచ్చ 30 వేసి "ఇక పోదు వదినా" అన్నాడు. నిజంగానే పోలేదు. కానీ రెండు వారాలుగా రాత్రిపూట బానెట్ వైపు నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. బండి కడుగుతుంటే ఎడమ బల్బు వెనక ఉన్న తెల్లటి ప్లగ్గు గోధుమరంగుకి తిరిగి కనిపించింది.

భర్తకి ఫోన్లో చెబితే "వాడికి తెలుసులే" అన్నారు. అత్తగారు "ప్రేమగా చేసినదానికి వంకలు పెట్టకు" అన్నారు. ఆమె అడిగేవి మూడు. తన భయంలో అర్థం ఉందా? 15కీ 30కీ మధ్య 20 వేస్తే సరిపోదా? చీకట్లో లైటు ఆరిపోవడం కన్నా పెద్ద ఫ్యూజు ఉండటమే నయం కాదా? వీటన్నిటి వెనక అడగలేక అడిగిన నాలుగోది, మరిదిని నొప్పించకుండా ఈ సంగతి చెప్పడం ఎలా అని.

సమాధానం

మీ భయం సరైనదే. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ముందు, మళ్లీ కారు తీసేలోపు ఆ ఆకుపచ్చ ఫ్యూజు పీకేసి నీలం 15 వెయ్యండి. ఫాగ్ లైట్ల స్విచ్చు ముట్టుకోకండి. ఇంజన్ ఆపి, తాళం తీసి, లైట్ల స్విచ్చు ఆఫ్‌లో పెట్టి ఈ పని చేయాలి. ఫ్యూజు పెట్టె మూత లోపల సాధారణంగా చిన్న ప్లాస్టిక్ పట్టకారు ఉంటుంది, దానితో ఫ్యూజు నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. ఏది ఎక్కడో మూత వెనక బొమ్మలో ఉంటుంది. ఫాగ్ లైట్లు వెయ్యకపోతే ఎడమవైపు లాగేది దాదాపు ఎనిమిది ఆంపియర్లే. నీలం ఫ్యూజు దాన్ని తేలిగ్గా మోస్తుంది. అయితే గోధుమరంగుకి తిరిగిన ఆ ప్లగ్గు ఇప్పటికే దెబ్బతింది కాబట్టి, అది మార్చేదాకా రాత్రి ప్రయాణాలు తగ్గించుకోండి.

ఇక అసలు ఏం జరుగుతోందో చూద్దాం. ఫ్యూజు పోయిన ప్రతిసారీ "అరగంట నడిపాక" అని రాశారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి గట్టిగా తగిలి ఉంటే ఫ్యూజు స్విచ్చు వేసిన క్షణంలోనే పోయేది. అరగంట ఓర్చుకుని పోయిందంటే అది షార్ట్ కాదు, మొయ్యలేని బరువు. లెక్క వేస్తే కచ్చితంగా అదే తేలుతుంది. డిమ్‌లో మీ కొత్త బల్బు 90 వాట్లు, ఫాగ్ లైట్లు రెండూ కలిసి 110, మొత్తం 200 వాట్లు. 12 వోల్టుల దగ్గర ఇది 16.7 ఆంపియర్లు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ 13.5 వోల్టులకు పైగా ఇస్తుంది, వోల్టులు పెరిగితే తీగ బల్బు లాగే కరెంటూ పెరుగుతుంది, కాబట్టి దాదాపు 18.

కార్లలో వాడే ఈ బ్లేడు ఫ్యూజులు అంకె దాటగానే టక్కున పోయేవి కావు. రాసిన అంకెకు పది శాతం ఎక్కువ పారినా వంద గంటలు నిలవాలన్నది వాటి ప్రమాణం. 35 శాతం ఎక్కువైతే పది నిమిషాల లోపు పోవాలి. రెట్టింపైతే ఐదు సెకన్ల లోపు, మూడున్నర రెట్లయితే అర సెకను లోపు. మీ 18 ఆంపియర్లు 15కి ఇరవై శాతం ఎక్కువ. అంటే నిలవాల్సిన హద్దుకీ పోవాల్సిన హద్దుకీ మధ్యలో ఉన్నారు. బానెట్ కింద వేడి పెరిగేకొద్దీ ఫ్యూజు ఓర్పు ఇంకా తగ్గుతుంది. అందుకే బయల్దేరినప్పుడు బాగానే ఉండి సగం దారిలో పోయేది. ఆ మూడు నీలం ఫ్యూజుల్లో ఏ లోపమూ లేదు. మూడూ తమ పని తాము చేశాయి.

మీ ఇంట్లో అందరూ, షాపుల్లో చాలామంది పొరబడేది ఇక్కడే. ఫ్యూజు లైటును కాపాడటానికి అనుకుంటారు. ఫ్యూజు కాపాడేది వైరుని. కంపెనీ ఇంజినీరు ముందు లైటుకెంత కావాలో చూస్తాడు, దానికి తగ్గ వైరు ఎంచుతాడు, ఆ వైరు చెడిపోయేంత వేడెక్కేలోపే పోయేలా ఫ్యూజు అంకె నిర్ణయిస్తాడు. కాబట్టి ఆ పెట్టెలో రాసిన 15 మీ వైరు గురించి రాసిన మాట. వైరు మార్చకుండా ఆ అంకె మార్చే హక్కు ఎవరికీ లేదు. పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజుకి సన్నతీగ మాటిమాటికీ పోతోందని నాలుగు రాగిపోగులు మెలేసి కట్టడం, తర్వాత గోడలోని వైరు మాడిపోవడం మన ఊళ్లలో చూసిందే. కారులో ఇంకో చిక్కు ఏమిటంటే ఈ ఫ్యూజులన్నీ ఒకే కొలతలో ఉంటాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగులేనిది 25, ఆకుపచ్చ 30, అన్నీ ఒకే గూట్లో సుఖంగా కూర్చుంటాయి. రంగు తప్ప అడ్డుకునేది ఏదీ లేదు.

మీ కారులో హెడ్‌లైటుకి వెళ్లే వైరు సాధారణంగా ఒక స్క్వేర్ ఎంఎం అటూ ఇటూ ఉంటుంది. మొదట్లో 55 వాట్ల బల్బుతో అందులో సుమారు ఐదు ఆంపియర్లు పారేవి. ఇప్పుడు 18. కరెంటు మూడున్నర రెట్లే పెరిగిందనిపిస్తుంది, కానీ వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు పదమూడు రెట్లు. ఆ వైరు తొడుగు తట్టుకునేది మామూలుగా 105 డిగ్రీలు. బానెట్ లోపలే మే నెలలో ఎనభై, తొంభై డిగ్రీలు ఉంటే తొడుగుకి మిగిలేది ఎంతో మీరే చూడండి. బ్లేడు ఫ్యూజు లోపలి పలక జింకు మిశ్రమంతో చేస్తారు. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫ్యూజు బదులు రాగిపోగు చుడితే అది కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. అప్పటికి తొడుగులూ టేపులూ ఎప్పుడో అంటుకుని ఉంటాయి. ఫ్యూజు చోట రాగిపోగో సిగరెట్ రేకో పెట్టి పంపే చోటికి బండి తీసుకెళ్లొద్దు.

30 వేశాక ఇంకో ప్రమాదం చేరింది, దాన్ని ఎవరూ మీకు చెప్పి ఉండరు. వైరు నేరుగా బాడీకి తగిలే గట్టి షార్టులో బ్యాటరీ నుంచి వందకు పైగా ఆంపియర్లు దూకుతాయి. అప్పుడు 15 అయినా 30 అయినా రెప్పపాటులో పోతుంది. తేడా తెలిసేది సగం షార్టులో. తొడుగు పాకం పట్టినట్టు మెత్తబడి, ఒకటి రెండు పోగులు రేకుకి రాసుకుంటూ, మొత్తం ఇరవై ఐదు ఆంపియర్లు పారుతున్నాయనుకోండి. నీలం ఫ్యూజు కొన్ని సెకన్లలోనో నిమిషాల్లోనో దాన్ని కోసేస్తుంది. ఆకుపచ్చది ఎంతసేపైనా ఊరుకుంటుంది. ఈ లోపు వైరు మాడుతూనే ఉంటుంది. కార్లలో వైరింగ్ మంటలు ఇలా నెమ్మదిగా కూడా మొదలవుతాయి.

గోధుమరంగుకి తిరిగిన ప్లగ్గు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే సరైన ఫ్యూజు కూడా దాన్ని కాపాడదు. ఫ్యూజు చూసేది ఎంత కరెంటు పారుతోందని మాత్రమే, ఎక్కడ వేడెక్కుతోందని కాదు. బల్బు కాళ్లని పట్టుకునే రేకు వదులై అక్కడ 0.05 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి. ఆ బల్బు లాగే ఎనిమిది ఆంపియర్ల దగ్గరే ఆ ఒక్క చోట మూడు వాట్లకు పైగా వేడి పుడుతుంది. కరెంటు మాత్రం పెరగదు, ఫ్యూజుకి ఏమీ తెలియదు. వేడికి రేకు పట్టు ఇంకా సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. మీకు వస్తున్న వాసన ఎక్కువ భాగం ఈ ప్లగ్గుదీ, మెలేసి టేపు చుట్టిన అతుకుదీ అయ్యే అవకాశం ఉంది. ఒకసారి ఫ్యూజు గూడు కూడా చూడండి. తీసిన 30 ఫ్యూజు కాలు దగ్గర ప్లాస్టిక్ కరిగి ఉంటే అక్కడి రేకూ సడలిందని అర్థం. కాలిన పాత ఫ్యూజులు దాచి ఉంటే అవి కూడా సాక్ష్యమే. పలక మధ్యలో నున్నగా కరిగి తెగితే ఎక్కువ బరువు, లోపలంతా నల్లగా మసి చిమ్మితే గట్టి షార్టు, పలక బాగానే ఉండి కాలు దగ్గర కరిగితే వదులు పట్టు.

మధ్యేమార్గంగా 20 వేస్తే? పోదు. 18 ఆంపియర్లని 20 చాలాకాలం మోస్తుంది. 30 కన్నా కొంత నయం, సగం షార్టు వస్తే త్వరగా స్పందిస్తుంది. కానీ ప్లగ్గూ అతుకూ ఇప్పటిలాగే మాడుతుంటాయి, ఫ్యూజు పోవడం ఆగింది కాబట్టి బాగైందని మీరు నమ్ముతారు. ఈ దారి నేను సూచించను.

చీకట్లో లైటు ఆరిపోవడం గురించి మీరడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. కాలువగట్టు మీద ఒక్కసారిగా చీకటైతే అది కూడా ప్రాణాపాయమే. అందుకే కంపెనీలు ఎడమ హెడ్‌లైటుకీ కుడి హెడ్‌లైటుకీ వేరువేరు ఫ్యూజులు పెడతాయి. మూడుసార్లూ మీకు కుడి లైటు మిగిలింది అందుకే. ఆ ఏర్పాటుని చెడగొట్టింది ఫ్యూజు కాదు, ఎడమ లైటూ ఫాగ్ లైట్లూ ఒకే తాడుకి కట్టడం. వాటిని విడదీస్తే ఒకటి పోయినా మిగతా రెండూ వెలుగుతుంటాయి. తనంతట తానే మళ్లీ కలిసే సర్క్యూట్ బ్రేకరు పెట్టుకోమని ఎవరైనా చెప్పవచ్చు. రెండు లోహాల పట్టీ వేడికి వంగి కరెంటు తెంచి, చల్లారాక మళ్లీ కలుపుతుంది. పవర్ విండో మోటార్లకి, వైపర్లకి అది తగినది, అక్కడ మోటారు కాసేపు బిగుసుకుని మళ్లీ వదులుతుంది కాబట్టి. మీ బండిలో మాత్రం అది తెంచుతూ కలుపుతూ, కలిసిన ప్రతిసారీ మాడిన వైరుని ఇంకాస్త మాడుస్తుంది. వద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఒకటి, అన్నీ మొదటిలాగే చేసేయడం. ఫాగ్ లైట్ల వైరు పూర్తిగా విప్పేసి, 60/55 వాట్ల మామూలు బల్బులు వేసి, నీలం ఫ్యూజుతో నడుపుకోవడం. ఖర్చు కొన్ని వందల రూపాయలు. అసలు 100/90 బల్బులు రోడ్డు వాడకానికి ఆమోదం ఉన్నవి కావు. ఎదుటివాళ్ల కళ్లు చెదరగొడతాయి, వాటి వేడికి లైటు లోపలి అద్దపు పూత మసకబారుతుంది. ఈ దారిలో వెలుగు కొంత తగ్గుతుంది. కానీ పదేళ్లు దాటిన బండికి హెడ్‌లైటు పైగాజు పసుపుబారి ఉంటుంది, దాన్ని పాలిష్ చేయించి, లైటు దిశ సరిచేయించుకుంటే పోయిన వెలుగులో చాలా భాగం తిరిగొస్తుంది. కరెంటు పెంచకుండా వెలుగు పెంచుకునే పద్ధతి ఇది.

రెండోది, ఫాగ్ లైట్లు ఉంచుకుని వాటికి సొంత దారి వేయడం. మంచు దారిలో తిరిగే మీకు ఇదే ఎక్కువ పనికొస్తుందనిపిస్తోంది, మీ మరిది చేతికి కూడా ఇదే తగిన పని. కావలసింది 12 వోల్టుల 30 ఆంపియర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) ఒకటి, మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ ఫ్యూజు హోల్డరు, 15 ఆంపియర్ ఫ్యూజు, 2.5 స్క్వేర్ ఎంఎం ఆటో వైరు రెండు మూడు మీటర్లు, 1.5 వైరు మరికొంత, థింబుళ్లు (వైరు చివర నొక్కి బిగించే లోహపు తొడుగులు), వేడికి ముడుచుకునే స్లీవు. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 వైరు తీసి, జానెడు దూరం దాటకుండా ఫ్యూజు హోల్డరు పెట్టాలి. ఇది మరిచిపోకూడదు. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కని కాపాడేది ఏదీ ఉండదు, కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిదైతే అంత మంచిది. లైట్ల దగ్గర ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరు వదిలేస్తే ఆ ఫ్యూజు ఉన్నా లేనట్టే.

ఫ్యూజు నుంచి వైరు రిలే 30 కాలుకి, 87 నుంచి 1.5 వైర్లు రెండు లైట్లకి. 86కి ఫాగ్ స్విచ్చు నుంచి వచ్చే వైరు, 85 ఎర్త్‌కి. స్విచ్చు వైపు పారేది రిలే చుట్టని లాగడానికి కావలసిన కరెంటు మాత్రమే, పావు ఆంపియరు కూడా ఉండదు. కాబట్టి ఎడమ హెడ్‌లైటు డిమ్ వైరు నుంచి స్విచ్చుకి కరెంటు తీసుకున్నా ఇప్పుడు భారం కాదు, కాకపోతే ఎడమ ఫ్యూజు పోతే ఫాగ్ లైట్లూ ఆరిపోతాయి. కానీ ఆ సన్నవైరు కూడా 15 ఫ్యూజు వెనకే ఉంటుంది కాబట్టి దానికి విడిగా 3 ఆంపియర్ ఫ్యూజు పెట్టాలి. చాలామంది వదిలేసేది ఇదే. సూత్రం ఒక్కటే, ఫ్యూజు దాటాక ఉన్న వైర్లలో అన్నిటికన్నా సన్నదాన్ని బట్టే ఫ్యూజు అంకె. లైట్లు రెండూ కలిసి దాదాపు పది ఆంపియర్లు లాగుతాయి, ఫ్యూజు మీద ఎప్పుడూ ఉండే బరువు దాని అంకెలో డెబ్బై, ఎనభై శాతం దాటకూడదు, అందుకే 15. ఇక్కడ 20 అక్కర్లేదు.

ఇంటి వైరింగ్‌కి వాడే వైరు మిగిలిందని బానెట్ కింద వాడనివ్వకండి. మామూలు ఇంటి వైరు తొడుగు 70 డిగ్రీల వరకే. అతుకులు మెలేసి టేపు చుడితే వేడికి టేపు జిగురు కారి విడిపోతుంది, థింబుల్ వేసి గట్టిగా నొక్కి, పైన స్లీవు ఎక్కించాలి. వైరు ఎగ్జాస్ట్‌కి దూరంగా, గాడుల గొట్టంలోంచి పోవాలి. రేకు కన్నంలోంచి వెళ్లే చోట రబ్బరు వాషరు తప్పనిసరి. ఎర్త్ పెట్టే చోట పెయింటు గీకి మెరిసే లోహం మీద బిగించాలి.

ఏ దారి ఎంచుకున్నా ఎడమ హెడ్‌లైటు ప్లగ్గు మార్చాల్సిందే. పింగాణీ హోల్డర్లు దొరుకుతాయి, వేడికి కరగవు. పాత వైరుని వేలితో వంచి చూడండి. మెత్తగా వంగితే సరే, కరకరమని పగిలితే మెత్తటి వైరు వచ్చేదాకా వెనక్కి కత్తిరించి అంతే మందం కొత్త వైరు వెయ్యాలి. ఎల్ఈడీ బల్బులు పెట్టేస్తే కరెంటు సగానికి తగ్గుతుంది కదా అని షాపులో చెప్పవచ్చు. తగ్గే మాట నిజమే. కానీ మీ హెడ్‌లైటు తీగ బల్బు కోసం చేసినది. అందులో ఎల్ఈడీ పెడితే వెలుగు చెదిరి మంచులో తెల్లగోడలా ఎదురొస్తుంది. మీ దారికి అది సరిపడదు.

ఇక మీ మరిది. ఆ కుర్రాడు నిర్లక్ష్యంతో చేయలేదు, మీ మీద ప్రేమతో, సగం తెలిసిన పనిని పూర్తిగా తెలుసనుకుని చేశాడు. రెండేళ్లు షాపులో ఉన్నవాడికి ఫ్యూజు పోతే పెద్దది వెయ్యడం నేర్పినవాళ్లు ఉంటారు, ఎందుకు వెయ్యకూడదో చెప్పినవాళ్లు ఉండకపోవచ్చు. "నువ్వు తప్పు చేశావు" అని మొదలుపెడితే అత్తగారు, భర్త, అతను ఒకవైపూ మీరొక్కరే ఒకవైపూ అవుతారు. "నువ్వు బిగించిన లైట్లు నాకు కావాలి. ప్లగ్గు మాడుతోంది. ఎక్కడ వేడెక్కుతోందో మీటరు పెట్టి చూద్దామా?" అని అడగండి. ఇందులో అబద్ధమేమీ లేదు.

మీటరుతో చేయాల్సింది తేలిక. ఇంజన్ నడుస్తుండగా, లైట్లన్నీ వేసి, ముందు బ్యాటరీ మీద వోల్టులు చూడాలి, తర్వాత ఎడమ బల్బు ప్లగ్గు వెనక. రెండింటికీ అర వోల్టు మించి తేడా ఉంటే ఆ తేడా అంతా దారిలో వేడిగా మారుతోందన్నమాట. మీ బండిలో ఒక వోల్టు పైగానే కనిపించినా ఆశ్చర్యం లేదు. ఇంకొకటి, నీలం ఫ్యూజు వేసి దాని నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవాలి. 15 ఫ్యూజు నిరోధం సుమారు 5 మిల్లీఓమ్‌లు, కాబట్టి 90 మిల్లీవోల్టుల దగ్గర చూపిస్తే 18 ఆంపియర్లు పారుతున్నట్టు. కొలిచే రెండు నిమిషాలు తప్ప లైట్లు అలా ఉంచొద్దు. మామూలు మీటరుని ఆంపియర్ల గీత మీద పెట్టి వైరు మధ్యలో కలపొద్దని అతనికి చెప్పండి, అది పది ఆంపియర్ల వరకే, దాని లోపలి ఫ్యూజు పోతుంది. ఇళ్ల ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే క్లాంప్ మీటరు చాలావరకు ఏసీకే పనిచేస్తుంది, డీసీ కొలిచేదైతేనే ఇక్కడ ఉపయోగం.

ఆ అంకె చూశాక తన పని తానే సరిచేసుకునే అవకాశం అతనికి దొరుకుతుంది. వదిన ముందు అతని గౌరవం అలాగే ఉంటుంది, రేపు షాపుకి వచ్చే ఇంకో బండికి కూడా మేలు. ఒకవేళ ఒప్పుకోకపోతే? అప్పుడు కంపెనీ సర్వీసులోనో, రిలే వైరింగ్ చేసి చూపించగల పెద్ద షాపులోనో చేయించండి. అతనికి తర్వాత తెలిసి బాధపడవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. ఆ బాధ భరించదగ్గదే. భర్తకి మాటల్లో చెప్పడం కన్నా మాడిన ప్లగ్గు ఫోటో, పక్కనే కుడివైపు తెల్లటి ప్లగ్గు ఫోటో పంపండి. ఎంత దూరంలో ఉన్నా ఆ రెండూ పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది.

బీమా పత్రం కూడా ఒకసారి తీయండి. కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే మీ బండి కాలినా మీకు ఏమీ రాదు. సమగ్ర పాలసీ అయితే మంటలకి రక్షణ ఉంటుంది, కానీ ఉత్తి ఎలక్ట్రికల్ చెడిపోవడానికి ఉండదు. బయట బిగించిన సామాను గురించి కంపెనీకి ముందే రాసి ఇస్తే తర్వాత వాదన ఉండదు.

పని పూర్తయ్యేలోపు ఎప్పుడైనా పొగ కనిపిస్తే ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉంచుకోండి. పక్కకి ఆపి, లైట్లు, ఇంజన్ ఆపి, ముందు పిల్లల్ని దింపండి. వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేసి ఉంటే పిల్లలు లోపలి నుంచి తెరవలేరు, బయట నుంచి మీరే తెరవాలి. ఇది పెద్దపిల్లకి కూడా చెప్పి ఉంచండి. తాళం తీసినంత మాత్రాన బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైర్లలో కరెంటు ఆగదు. మంట లేకుండా పొగ మాత్రమే ఉంటే పది నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ విప్పడం పనిచేస్తుంది, ఆ స్పానరు డ్యాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకోండి. బానెట్ సందులోంచి మంట కనిపిస్తే బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి ఎగసిపడుతుంది. దూరంగా వెళ్లి 101కో 112కో ఫోన్ చెయ్యండి.

వైరింగ్ సరిచేశాక ఇంటి ముందు ఒక పరీక్ష పెట్టండి. ఇంజన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఫాగ్ లైట్లు అన్నీ వేసి నలభై నిమిషాలు వదిలెయ్యండి, ఇంతకుముందు ఫ్యూజు పోయినదానికన్నా పది నిమిషాలు ఎక్కువ. తర్వాత లైట్లు ఆపి వెంటనే ఎడమ ప్లగ్గు వెనక వైరుని, ఫ్యూజు నెత్తిని, కొత్త హోల్డరుని వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఐదు సెకన్లు వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ ఇంకా ఏదో వదులుగా ఉంది, ఆ చోటు మళ్లీ విప్పి చూడమనండి. కొత్త ఫ్యూజులు విడిగా అట్టపెట్టెలో పోసి అమ్మేవి కొనకండి, వాటిలో రాసిన అంకె దాటినా పోనివి ఉంటాయి. ఒంటి మీద కంపెనీ పేరు, అంకె అచ్చు వేసినవి తీసుకుని, రెండు నీలం ఫ్యూజులు, ఒక 3 ఆంపియర్ ఫ్యూజు పెట్టె మూతలో ఉంచుకోండి. ఆ ఆకుపచ్చది మాత్రం కారులో ఉంచొద్దు.